వెదకినది దొరకుట ఎట్లు?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచియుండుట సామాన్య విషయము కాదు. పుస్తకములు కొనుట సులభము. బీరువా చేయించుట అంతకంటె సులభము. కొన్న పుస్తకము పది సంవత్సరముల తరువాత అడిగినవారి చేతికి అందునట్లు చూచుటయే కష్టము. బీరువాలో ఉండియు దొరకని పుస్తకము లేని పుస్తకముతో సమానము. అటకమీద పెట్టి మరచిన విత్తనముల మూట ఎంత మంచిదైనను అదను దాటినపిమ్మట ఎవరికి ఉపయోగము?

ఈ దినమున ప్రసంగమునకు ఎన్నుకొన్న విషయము పెద్ద పెద్ద కంపెనీలలో సమాచారమును వెదకుట. గ్రామ గ్రంథాలయపు పండుగకు దీనితో ఏమి సంబంధమని కొందరికి తోచవచ్చును. ఈ గ్రామముల నుండియే చదువుకొని హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు పోయి ఉద్యోగములు చేయుచున్న బిడ్డలు దినమంతయు కంప్యూటరు ముందు కూర్చుండి చేయు పనులలో వెదకులాట ఒక ముఖ్యమైన పని. వెదకినది దొరకిననే తక్కిన పని సాగును. వారి కంపెనీలలో నేడు చిక్కులు పెట్టుచున్న ప్రశ్నయు, ఈ గ్రంథాలయపు కేటలాగు కార్డులు వ్రాయుటకు కూర్చున్ననాడు ఎదురైన ప్రశ్నయు ఒక్కటే. అందుచేత ఈ విషయము దూరపుది కాదు, ఇంటిదే.

మద్రాసు విశ్వవిద్యాలయమునకు 1924 లో గ్రంథాలయాధికారిగా వచ్చిన యస్. ఆర్. రంగనాథన్ గారు అంతకు పూర్వము గణితశాస్త్రోపన్యాసకులు. వారు 1931 లో గ్రంథాలయ శాస్త్రమునకు పంచసూత్రములను ప్రకటించిరి. పాఠకుని కాలము వ్యర్థము కారాదనునది వానిలో నాల్గవది. 1933 లో వెలువడిన వారి కోలన్ వర్గీకరణము ఒక గ్రంథమును ఒకే అరలో బంధింపక, దాని విషయమును పలు ముఖముల నుండి చూచును: వస్తువేది, అందు చెప్పబడిన పని యేది, ఏ దేశమునకు సంబంధించినది, ఏ కాలమునకు సంబంధించినది అని. నేడు కంప్యూటరులో ఏదైన వస్తువును వెదకునప్పుడు ప్రక్కన సంవత్సరము, రకము, స్థలము అని గడులు కనబడును. వానిని ఒక్కొక్కటిగా నొక్కుచు పోయినచో పట్టిక చిన్నదగుచు వచ్చును. ఈ పద్ధతికి మూలమైన ఆలోచన రంగనాథన్ గారిది. దక్షిణదేశపు గ్రంథాలయములో పుట్టిన తలంపు ప్రపంచమంతటి కంప్యూటరులలో తిరుగుచుండుట గర్వింపదగిన సంగతి.

ఇక కంపెనీ మాట. వినువారికి సులభముగా నుండుటకు ఒక చక్కెర ఫ్యాక్టరీని ఊహింపవచ్చును. అందు చెరకు విభాగము, యంత్ర విభాగము, కొనుగోళ్ల విభాగము, స్టోర్సు, లెక్కల విభాగము ఉండును. ప్రతి విభాగమునకు తన కాగితములు తనకు గలవు. కొన్ని బీరువాలలో ఫైళ్లుగా నుండును. కొన్ని కంప్యూటరులో, కొన్ని ఉత్తరముల రూపమున, కొన్ని ఒక ఉద్యోగి సొంత యంత్రములో, కొన్ని ఎవరి తలలోనో ఉండును. ఒకే మిల్లు రోలరును యంత్ర విభాగమువారు రోలరనియే వ్రాయుదురు. స్టోర్సు వారికి అది ఒక అంకె. కొనుగోళ్లవారికి అది అమ్మిన వర్తకుని పేరుతో నున్న బిల్లు. క్రషింగు ముమ్మరముగా సాగు దినములలో ఆ రోలరు పగిలినదనుకొందము. ఏడు సంవత్సరముల క్రిందట ఇదే విధముగ పగిలినప్పుడు ఏమి చేసినారో తెలిసినచో ఒక పూటలో పని తెమలును. తెలియనిచో బండ్లు గేటు వెలుపల బారులు తీరును, చెరకు ఎండును, తూకము తగ్గును. ఆ సంగతి తెలిసిన ఫోర్మను గత సంవత్సరమే పదవీ విరమణ చేసియున్నాడు. ఆయన వ్రాసిన కాగితము ఉన్నది. ఎక్కడ ఉన్నదో ఎవరికిని తెలియదు.

ఈ చిక్కును విడదీయుటకై వచ్చినదే కేంద్ర శోధన సాధనము. అన్ని విభాగముల కాగితములకు కలిపి ఒకే కేటలాగును కంప్యూటరు చేత వ్రాయించి, ఎవరు ఎక్కడ కూర్చుండి అడిగినను ఒకే చోట సమాధానము వచ్చునట్లు చేయుటయే దాని సారాంశము.

అది పని చేయు తీరు మంత్రము కాదు. పురాణ గ్రంథముల చివర పద్యముల అకారాది పట్టిక ఉండుట అందరు చూచియే యుందురు. పద్యము మొదటి మాట తెలిసినచో పుట సంఖ్య దొరకును. పుస్తకమంతయు త్రిప్పనక్కరలేదు. కంప్యూటరు మొదటి మాటకు మాత్రమే కాక, ప్రతి కాగితములోని ప్రతి మాటకును అట్టి పట్టిక వ్రాయును. ముందుగా ఒక చిన్న ప్రోగ్రాము బంట్రోతువలె అన్ని విభాగములకు తిరిగి కాగితములను చదివి వచ్చును. తరువాత మాటలను విడదీసి, ఈ మాట ఏయే కాగితములలో ఉన్నదో పట్టికకెక్కించును. ఎవరైన రెండు మాటలు అడిగినప్పుడు ఆ రెండు పట్టికలను సరిచూచి, రెండింటను ఉన్న కాగితములను ఏరి యిచ్చును. లక్షల కాగితములలో ఈ పని రెప్పపాటులో జరుగును, ఏలయనగా చదువుట ముందే జరిగిపోయినది. అడిగిన తరువాత చేయునది పట్టికను చూచుట మాత్రమే.

ఏరిన కాగితములలో ఏది ముందు చూపవలెను? ఇచ్చట కేంబ్రిడ్జిలో పరిశోధనము చేసిన కారెన్ స్పార్క్ జోన్సు అను విదుషీమణి 1972 లో ఒక చక్కని సూత్రమును వెల్లడించినది. అరుదైన మాటకు బరువు ఎక్కువ, అంతట ఉండు మాటకు బరువు తక్కువ. చక్కెర ఫ్యాక్టరీ కాగితములలో చక్కెర అను మాటను వెదకిన ఏమి ప్రయోజనము? అది ప్రతి కాగితమునందును ఉండును. పగులు అను మాట కొన్నింటనే ఉండును, కనుక వెదకువానికి దారి చూపునది ఆ మాటయే. సంతలో ఒకని ఆనవాలు చెప్పునప్పుడు తెల్లపంచె కట్టినవాడని చెప్పిన లాభము లేదు, చెవికి పోగులున్నవాడని చెప్పిన పట్టుకొనవచ్చును. సూత్రమంత మాత్రమే. అయినను ఆ తరువాత వచ్చిన శోధన సాధనములలో పెక్కింటికి ఇది పునాది యైనది.

ఈ విద్య కంప్యూటరు వారి చేతిలో మాత్రమే పెరిగినది కాదు. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డు వైమానిక కళాశాల గ్రంథాలయాధికారి సిరిల్ క్లెవర్డన్ 1950 ల చివర నుండి 1966 వరకు రెండు విడతలుగా పరీక్షలు నడపెను. మొదటి విడతలో 18,000 పత్రములను నాలుగు వేర్వేరు పద్ధతులలో సూచికకెక్కించి, ఏ పద్ధతిలో ఎంత దొరకునో లెక్కించెను. నాలుగింటికిని గొప్ప వ్యత్యాసము కనబడలేదు. రెండవ విడతలో 1,400 పత్రములతో మరింత సూక్ష్మముగా పరీక్షింపగా, పండితులు పన్నిన క్లిష్టమైన పద్ధతులకంటె పత్రములోని సాదా మాటలే సూచికగా బాగుగ పనిచేసినవని తేలెను. గ్రంథాలయ పండితులకు ఇది మింగుడు పడని ఫలితమే. అయినను కొలిచి చూచినది కనుక నిలిచినది.

ఆ పరీక్షల వలన రెండు కొలతలు స్థిరపడినవి. చెరువులో వల వేసినప్పుడు చెరువులోని చేపలలో ఎన్ని పడినవి అనునది మొదటి కొలత. దీనిని సమగ్రత యనవచ్చును. వలలో పడినదానిలో చేప యెంత, నాచు యెంత అనునది రెండవ కొలత. దీనిని శుద్ధి యనవచ్చును. వల కన్నులు చిన్నవైన సమగ్రత పెరుగును, నాచును పెరుగును. కన్నులు పెద్దవైన నాచు రాదు గాని చేపలు జారిపోవును. ఒక చిత్రమేమనగా రెండవ కొలత ఒడ్డున నిలిచినవాని కంటికి కనబడును. మొదటిది కనబడదు. పడని చేప నీటి అడుగున ఉన్నది కదా!

ఈ చిత్రము ఎంత ప్రమాదకరమో తెలుపు వృత్తాంతమొకటి కలదు. డేవిడ్ బ్లెయిర్, యం. ఇ. మారన్ అను ఇద్దరు అమెరికా పరిశోధకులు దానిని 1985 లో ప్రకటించిరి. ఈ విషయమునకు సంబంధించినంతవరకు ఇంతకంటె కనువిప్పు కలిగించు పరిశోధనము అరుదు.

అమెరికాలో ఒక పెద్ద వ్యాజ్యము నడచుచుండెను. ప్రతివాది కంపెనీ పక్షమున న్యాయవాదుల యొద్ద సుమారు 40,000 పత్రములు ఉండెను. పుటలు లెక్కించిన దాదాపు 3,50,000. వాని నన్నిటిని ఐ. బి. యమ్. కంపెనీవారి స్టెయిర్సు అను శోధన సాధనములోనికి ఎక్కించిరి. పత్రములోని ప్రతి మాటను ఆ సాధనము పట్టుకొనగలదు. న్యాయవాదులు తమకు ఏమి కావలెనో చెప్పుదురు. వెదకుటలో నేర్పరులైన సహాయకులు మాటలు మార్చి మార్చి అడిగి పత్రములను తెచ్చి యిత్తురు. న్యాయవాదులు చూచి, ఇవి చాలవు, ఇంకను వెదకుడని చెప్పుదురు. తృప్తి కలుగువరకు ఇట్లు సాగును. వ్యాజ్యమునకు సంబంధించిన పత్రములలో నూటికి 75 అయిన చేతికి రానిదే తమ పక్షమును నిలుపుట కష్టమని వారు ముందే చెప్పియుండిరి. మొత్తము 51 ప్రశ్నలకు వెదకులాట జరిగెను. ప్రతి ప్రశ్నకును తమకు నూటికి 75 దొరకినవను నమ్మకముతో న్యాయవాదులు వెదకుట మానిరి.

అప్పుడు పరిశోధకులు, వెదకినప్పుడు రాని పత్రముల నుండి నమూనాలను తీసి, ఏవి ఎట్లు వచ్చినవో తెలియనీయక అదే న్యాయవాదులకు చూపి, ఇవి మీకు పనికి వచ్చునా యని అడిగిరి. వారే పనికివచ్చునని చెప్పిన పత్రములను లెక్కలో చేర్చి చూడగా, దొరకినవి సగటున నూటికి 20 మాత్రమేనని తేలెను. అనగా ప్రతి అయిదింటిలో నాలుగు చీకటిలోనే ఉండిపోయెను. వచ్చినవానిలో మాత్రము నూటికి 79 పనికివచ్చునవే. వారిని మోసపుచ్చినది ఈ రెండవ అంకెయే. వలలో నాచు లేదు, అన్నియు చేపలే, కనుక చెరువు ఖాళీ యైనదని వారు తలంచిరి.

దోషము ఎవరిది? సాధనము చెడలేదు. అడిగిన మాట ఉన్న ప్రతి పత్రమును అది తెచ్చినది. సహాయకులు మందమతులు కారు. దోషము మనుష్యుల భాషా స్వభావములో ఉన్నది. ఆ వ్యాజ్యమునకు మూలము ఒక ప్రమాదము. నష్టపడినవారు దానిని ప్రమాదమని వ్రాసికొనిరి. ప్రతివాది కంపెనీవారి ఉత్తరములలో ఆ మాట తరచుగా ఉండదు. వారు ఆ సంఘటన యనియో, ఆ పరిస్థితి యనియో, ఆ సమస్య యనియో వ్రాసికొనిరి. తప్పు జరిగిన చోట మనుష్యుడు మెత్తని మాటలను వెదకికొనుట ఏ దేశమందైనను ఒకటే. పల్లెలో సయితము మరణించినాడనుటకు మారుగా కాలము చేసినాడందురు, అప్పు పాలైనాడనుటకు మారుగా చితికినాడందురు. యంత్రమునకు ఇవి రెండు వేర్వేరు మాటలు. దాని పట్టికలో అవి కలియవు. ఒకే పరికరమునకు ఒక ఆఫీసులో ఒక పేరు, మరియొక ఆఫీసులో వేరొక పేరు ఉండుటయు, అక్షర దోషములతో వ్రాసిన మాటలు అసలే దొరకకపోవుటయు ఆ పరిశోధకులు కనుగొనిరి. ఏ పేరులు పెట్టియుందురో ముందుగా ఊహించుట ఎంత తెలివిగలవానికిని అసాధ్యమని వారి తీర్మానము.

చక్కెర ఫ్యాక్టరీకి మరల వచ్చినచో, ఒక రైతు తన చెరకు పైకము రాలేదని కార్యాలయమునకు పోయెననుకొందము. గుమాస్తా కంప్యూటరులో పేరు కొట్టి చూచి, మీ పేర ఏమియు లేదనును. రైతు పేరు వెంకటేశ్వర్లు. చెరకు విభాగములో వేంకటేశ్వరరావని వ్రాసినారు. లెక్కలలో ఇంటిపేరు ముందు, పొట్టి అక్షరములతో, ఇంగ్లీషులో వ్రాసినారు. కాగితము ఉన్నది, బిల్లు ఉన్నది, తూకపు చీటీ ఉన్నది. గుమాస్తా చెప్పవలసిన మాట దొరకలేదని. ఆయన చెప్పిన మాట లేదని. ఈ రెండు మాటలకు నడుమ ఒక కుటుంబపు సంవత్సరపు కష్టము ఉన్నది. రైతు వెనుదిరిగి వచ్చినచో తప్పు ఎవరిదని చెప్పగలము? ఈ ప్రసంగమునందు జ్ఞాపకముంచుకొనదగిన మాట ఒక్కటే యున్నచో అది ఇదియే: దొరకలేదనుట వేరు, లేదనుట వేరు.

తెలుగునకు ఈ చిక్కు మరింత ఎక్కువ. ఇంగ్లీషులో మాట చివర మార్పు కొద్దిపాటి. తెలుగులో పొలము, పొలమును, పొలానికి, పొలాలలో, పొలమేనా అని ఒక్క మాట పదులకొలది రూపములు దాల్చును. వ్యావహారికమున పొలం అని వ్రాయుదురు. వీనినన్నిటిని ఒకే కుదుటికి చేర్చు జ్ఞానము సాధనమునకు చెప్పినగాని రాదు. ఇంకొక సంగతి. 1991 లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణములోనే తెలుగు లిపికి స్థానము లభించినది. అయినను అచ్చు పనులలో చాలకాలము పాత ఫాంట్లే వాడుకలో నుండెను. వానిలో కంటికి తెలుగక్షరము కనబడును గాని యంత్రము లోపల దాచినది ఇంగ్లీషక్షరముల, గుర్తుల కలగూరగంప. అట్టి కాగితములలో తెలుగుమాట వెదకిన దొరకదు. ఫోటో తీసి భద్రపరచిన పత్రములును అంతే. అవి యంత్రమునకు బొమ్మలు, చదువులు కావు. బొమ్మనుండి అక్షరములను చదువు ప్రోగ్రాములు వచ్చినవి. అయినను వెలసిన సిరా, చెదలు తిన్న పుట వానిని తడబరచును.

ఇంటర్నెట్టులో దేనిని అడిగినను క్షణములో దొరకుచుండగా కంపెనీలోపలి కాగితము దొరకకుండుట ఏమని యువకులు విసుగుకొనుట సహజము. కారణము కలదు. ప్రపంచములోని పుటలు ఒకదానినొకటి చూపుచుండును. పెక్కుమంది చూపిన పుటకు గౌరవమెక్కువ. ఊరిలో పదిమంది మంచి వైద్యుడని చెప్పినవాని ఇంటికి కొత్తవాడు పోయినట్లు, వెదకు సాధనము ఆ పుటను ముందు చూపును. కంపెనీలోపల అట్లు కాదు. మంచి కాగితమునకు ఎవరును దారి చూపియుండరు. ఏడు సంవత్సరములుగా ఎవరును తెరువని కాగితమే ఈనాడు ప్రాణావసరము కావచ్చును. ఇంటర్నెట్టులో పేరుపొందిన గూగుల్ కంపెనీవారే 2002 లో కంపెనీల కొరకు పసుపుపచ్చని పెట్టెవంటి శోధన యంత్రమును అమ్మకమునకు పెట్టి, తరువాత కొన్ని సంవత్సరములకు ఆ అమ్మకమును విరమించిరి. మరియొక ప్రక్క డగ్ కటింగ్ అను ప్రోగ్రామరు లూసీన్ అను శోధన సాధనమును 1999 లో వ్రాసి, తరువాత అందరికి ఉచితముగ విడిచెను. నేడు ఎన్నియో కంపెనీల శోధన సాధనములు దానిపై కట్టినవే. విద్యను పంచినకొలది పెరుగుననుటకు ఇది ఒక తార్కాణము, గ్రంథాలయోద్యమపు నీతియు ఇదియే కదా.

అన్నిటిని ఒకచోటికి చేర్చుటలో ఒక అపాయము గూడ కలదు. ఇంతకు పూర్వము ఉద్యోగుల జీతముల పట్టిక ఏ మూల ఫైలులోనో ఉండి, తాళము లేకున్నను, ఎవరికిని తెలియకపోవుటచేతనే భద్రముగ నుండెను. కేంద్ర శోధన సాధనము వచ్చినపిమ్మట ఒకడు తన పేరు వెదకికొనగా పదిమంది జీతములు, ఒకరి రోగ వివరములు, మరియొకరిపై వచ్చిన ఫిర్యాదు బయటపడును. తప్పు సాధనముది కాదు. తలుపులు మొదటినుండియు వేయలేదు, ఇప్పుడు దీపము వెలిగించినందున కనబడినవి. అందుచేత ఏ కాగితమును ఎవరు చూడవచ్చునో ముందే నిర్ణయించి, అడిగినవాని అధికారమును బట్టియే పట్టిక చూపునట్లు సాధనమును కట్టవలెను. దీనిని ఉపేక్షించిన కంపెనీలో ఒక్క రోజులో నమ్మకము పోవును.

ఇటీవలి కాలమున మాటను బట్టి గాక భావమును బట్టి వెదకు పద్ధతులు ప్రబలినవి. ప్రతి వాక్యమును ఒక అంకెల వరుసగా మార్చి, అర్థము దగ్గరగా నున్నవానిని దగ్గరగా నుంచుట వాని కిటుకు. అందువలన రోలరు పగులుట అని అడిగినను, మిల్లు భాగము చీలినది అని వ్రాసిన కాగితము దొరకగలదు. బ్లెయిరు, మారను చూపిన లోపమునకు ఇది చాలవరకు మందు. 2022 తరువాత బహుళ ప్రచారములోనికి వచ్చిన కృత్రిమ మేధ సాధనములు ఇంకొక మెట్టు ఎక్కి, కాగితములను చూపుటతో ఆగక, వానిని చదివి సమాధానమును తామే వ్రాసి యిచ్చుచున్నవి. సౌకర్యము గొప్పదే. జాగ్రత్తయు అంతే గొప్పది కావలెను. రద్దయిన పాత ఉత్తర్వును చదివి నేటి నియమముగ చెప్పవచ్చును. కాగితమున లేనిదానిని ఉన్నట్లు అందముగ అల్లవచ్చును. తడబాటు లేని కంఠముతో చెప్పినది సత్యమే కానక్కరలేదని పంచాయతీ తగవులు చూచినవారికి వేరుగా చెప్పనవసరము లేదు. ఏ కాగితమును చూచి చెప్పినదో అడిగి, ఆ కాగితమును తెరచి, తేదీ చూచి, తరువాత నమ్మవలెను.

ఇక వెదకువారు అలవరచుకొనదగిన కొన్ని సంగతులు. ఒక మాటతో వెదకి ఆగరాదు. తాను వాడు మాటను గాక, ఆ కాగితము వ్రాసినవాడు వాడియుండు మాటను ఊహింపవలెను. నష్టపడినవాడు ఏమనును, తప్పు చేసినవాడు ఏమనును, లెక్కలు వ్రాసినవాడు ఏమనును అని మూడు వైపుల నుండి ఆలోచింపవలెను. ఒక మంచి కాగితము దొరకినచో అందున్న కొత్త పేరులను పట్టుకొని మరల వెదకవలెను. తీగ లాగిన డొంక కదలుట ఇచ్చట అక్షరాల నిజము. అంతటి ఫలితమును చూచి తృప్తిపడక, తనకు ముందే తెలిసిన ఒక కాగితము ఆ పట్టికలో వచ్చినదా యని పరీక్షింపవలెను. అది రానిచో ఇంకెన్ని రాలేదో! చివరకు సాధనమును విడిచి మనిషిని అడుగుట అవమానమనుకొనరాదు.

వ్రాయువారి బాధ్యత వెదకువారి బాధ్యతకంటె పెద్దది. కాగితమునకు శీర్షిక పెట్టనివాడు, తేదీ వేయనివాడు, చివరి ప్రతి అని నాలుగు ప్రతులకు పేరు పెట్టినవాడు, తన తరువాతివాని కాలమును దొంగిలించినవాడే. ఒక వస్తువునకు గల నాలుగు పేరులను ఒకచోట వ్రాసి, ఇవన్నియు ఒకటేయని చెప్పు చిన్న పట్టిక లక్షల రూపాయల సాధనమునకు కన్నులిచ్చును. రైతు పేరు నాలుగు రకములుగ వ్రాసినను, ఒకే పాసుపుస్తకపు సంఖ్య అన్నింటను ఉన్నచో ఆయన వట్టి చేతులతో తిరిగి పోనక్కరలేదు. ఈ పనిని ఎవరు చేయవలెను? గ్రంథాలయాధికారి స్వభావము గలవాడు చేయవలెను. కంపెనీలు యంత్రమును కొనుటకు వెనుదీయవు గాని, కాగితములకు పేరు పెట్టుటకు ఒక మనిషిని నియమించుటకు వెనుకాడును. సాధనము విఫలమగుటకు ఇది తరచుగ కనబడు కారణము.

ఈ మాటలన్నియు గ్రామ గ్రంథాలయమునకు వర్తింపవా? చాలకాలముగ పనిచేయుచున్న గ్రంథాలయ కార్యకర్త, ఎరుపు అట్ట, వ్యవసాయము మీద, వెనుక చినిగినది అని గుర్తులు చెప్పగానే పుస్తకము తీసి యిచ్చును. ఆయనయే ఈ గ్రామపు శోధన సాధనము. ఏ పిల్లవాడు ఏమి చదివెనో, ఏ పుస్తకము ఎవరింట ఆగెనో ఆయనకు తెలియును. ఆ జ్ఞానము కార్డు మీదికి ఎక్కనిచో, రిజిష్టరులో చేరనిచో, పదవీ విరమణ చేసిన ఆ ఫోర్మను జ్ఞానమువలె ఆయనతో వెడలిపోవును. రజతోత్సవ సందర్భమున కొత్త బీరువాలకు, కొత్త పుస్తకములకు విరాళములు వచ్చుట సంతోషము. వానితో పాటు చదువుకొన్న యువకులు, యువతులు నలుగురు కూర్చుండి, దినమునకు ఇరువది పుస్తకముల చొప్పున యూనికోడు తెలుగులో పట్టిక వ్రాసి, ప్రతి పుస్తకము పేరు ప్రక్క ఊరివారు దానిని అడుగు మాటలను గూడ చేర్చినచో, అది ఏ విరాళమునకును తీసిపోదు. వరి తెగులు పుస్తకమును శాస్త్రీయనామముతో అడుగువారు తక్కువ. అగ్గితెగులు పుస్తకమిమ్మని అడుగువారే ఎక్కువ. ఆ మాట పట్టికలో నుండవలెను.

అడిగినవారికి లేదని చెప్పుటకు ముందు మరియొకసారి వెదకు మంచి అలవాటు ఈ గ్రంథాలయమున వర్ధిల్లుగాక. ఈ రజతోత్సవము స్వర్ణోత్సవమునకు సోపానమగుగాక. ఆనాడు ఈ సంచికను వెదకువారికి ఇది దొరకుగాక.

స్వస్తి.